మొదటి వర్క్‌బెంచ్ ఫ్రేమ్: ఓపికంతా టాక్‌ల దగ్గరే పెట్టండి

వెల్డింగ్ కొత్తగా పట్టినవాళ్ళు మొదట ఏం చేయాలని అడిగితే నేను వర్క్‌బెంచ్ ఫ్రేమే చెబుతాను. అన్నీ తిన్నని పైపులు, తిన్నని కోతలు. పైగా తర్వాత చేసే పనులన్నీ దాని మీదే చేయాలి కాబట్టి శ్రద్ధగా చేస్తారు. బీడ్, అంటే వెల్డ్ చేసిన గీత, కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా ఫర్వాలేదు, ఫ్రేమ్ మాత్రం వంకరపోకూడదు. ఆ వంకర వచ్చేదీ, ఆపగలిగేదీ టాక్, అంటే ముక్కల్ని ముందుగా పట్టి ఉంచే చిన్న వెల్డ్ చుక్క, వేసేటప్పుడే.

నేను చెప్పే కొలతలు మిల్లీమీటర్లలో: పొడవు 1500, వెడల్పు 600, ఎత్తు 900. నిలబడి చేతులు కిందికి వదిలేస్తే మణికట్టు దగ్గరికి బల్ల పైభాగం రావాలి, దాన్నిబట్టి ఎత్తు మార్చుకోండి. పైపు 50×50 స్క్వేర్, మందం 3. ఇంకా పలచటిది తీసుకుంటే కొత్త చేతికి బొక్కలు పడతాయి. పైన 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు వేస్తే 36, పై ఫ్రేమ్ 50, అవి పోగా కాలు 814. పై ఫ్రేమ్‌కు 1500 ముక్కలు రెండు, వాటి మధ్యకు 500 ముక్కలు రెండు. కింద కాళ్ళను కలిపే అడ్డపైపులు 1400 రెండు, 500 రెండు. ఒక 6 మీటర్ల పైపులో 1500లు, 1400లు వస్తాయి. రెండోదాంట్లో కాళ్ళు నాలుగు, 500లు నాలుగు వస్తాయి.

పైపు నల్లదే తీసుకోండి. జింక్ పూత ఉన్న జీఐ పైపును వెల్డ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వస్తుంది. నల్ల పైపు మీద కూడా నూనె, తుప్పు, రంగు ఉంటే జాయింట్ చుట్టూ 25 మి.మీ. మేర మెరిసేదాకా గ్రైండ్ చేయండి. మెషీన్ రెండో తీగను పైపుకు పట్టించే ఎర్త్ క్లాంప్ పెట్టే చోటు కూడా అలాగే మెరవాలి. ఆర్క్ (రాడ్ కొనకూ పైపుకూ మధ్య వెలిగే విద్యుత్ మెరుపు) సరిగా నిలవడం లేదని మెషీన్‌ను తిట్టేవాళ్ళకు నేను ముందు చూడమనేది ఆ క్లాంప్‌నే.

ఒంటి మీద పొడుగు చేతుల కాటన్ బట్టలు ఉండాలి. సింథటిక్ అయితే నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. హెల్మెట్ గ్లాసు షేడ్ (నలుపు స్థాయి) 10, పొడి తోలు గ్లౌజులు, మూసిన బూట్లు. గ్రైండర్‌కు గార్డు తీయొద్దు. పక్కన నిలబడి చూసేవాళ్ళ కళ్ళకూ ఆర్క్ తగులుతుంది. నొప్పి అప్పుడే తెలియదు, కొన్ని గంటలయ్యాక మొదలవుతుంది. వాళ్ళను దూరంగా పంపించాకే మొదలుపెట్టండి.

రాడ్ 6013 రకం, 2.5 మి.మీ. కరెంటు 70 నుంచి 80 ఆంపియర్ల మధ్య పెట్టి, కోతలో మిగిలిన ముక్కల మీద సాధన చేయండి. రాడ్‌ను అగ్గిపుల్ల గీసినట్టు గీసి, వెలగగానే రాడ్ మందమంత ఎత్తులో నిలపాలి. రాడ్ అతుక్కుంటే మెలిపెట్టి లాగండి, రాకపోతే హోల్డర్ పిడి నొక్కి రాడ్‌ను వదిలేయండి. చూపు ఆర్క్ వెలుగు మీద కాదు, దాని వెనక కరిగిన గుంట మీద ఉండాలి. ఆ గుంట రెండు ముక్కల అంచుల్నీ తాకుతోందా అన్నదే చూడండి. ఒక ముక్కనే పట్టుకుని ఉంటే పైకి బీడ్ బాగానే కనిపిస్తుంది, సుత్తితో కొడితే ఊడివస్తుంది. సాధన ముక్కను నిజంగానే అలా కొట్టి చూడండి.

ఇప్పుడు అసలు పని. పై ఫ్రేమ్ నాలుగు ముక్కల్ని చదునైన చోట పరిచి, మూలమట్టం పెట్టి క్లాంపులు బిగించండి. ఒక్కో మూలకు ఒక్క చిన్న టాక్ వేసి ఆగండి. కరిగిన లోహం చల్లారుతూ కుదించుకుపోతుంది, పైపును తన వైపు లాక్కుంటుంది. అందుకే ఒక టాక్ పడగానే మూలమట్టం మళ్ళీ పెట్టి చూస్తే సన్నటి వెలుతురు గీత కనిపించవచ్చు. అప్పుడైతే సుత్తితో తట్టి సరిచేయవచ్చు. సరిగ్గా ఉందనుకున్నాకే రెండో టాక్, అదీ మొదటిదానికి ఎదుటి వైపు.

నాలుగు మూలలూ అయ్యాక టేపుతో మూల నుంచి ఎదుటి మూలకు కొలవండి. మన కొలతలకు 1615 లేదా 1616 రావాలి. ఒకటి 1619, ఇంకోటి 1612 వస్తే ఫ్రేమ్ ఓరగా వాలినట్టే. పొడవు వచ్చిన మూలల్ని క్లాంపుతో దగ్గరికి లాగి మళ్ళీ కొలవండి. రెండూ ఒకటయ్యేదాకా ముందుకు వెళ్ళొద్దు. నేను ఈ కొలతను కాళ్ళు పెట్టాక ఒకసారి, అడ్డపైపులు పెట్టాక ఇంకోసారి చూస్తాను. టాక్ తప్పుపడితే సన్నటి కటింగ్ వీల్‌తో కోసేసి మళ్ళీ వేయవచ్చు. పూర్తి బీడ్ వేశాక ఆ వీలుండదు.

కాళ్ళకు ఫ్రేమ్‌ను తలకిందులు చేసి, ఒక్కో కాలును రెండు వైపుల నుంచీ మూలమట్టంతో చూసి టాక్ వేయండి. అడ్డపైపులు నేల నుంచి 150 ఎత్తులో పెట్టండి. తర్వాత నేల మీద నిలబెట్టి ఊగుతోందేమో చూడండి. ఊగితే ముందు నేల సమంగా ఉందో లేదో చూసుకోండి.

పూర్తి బీడ్‌లు ఒకే మూలలో వరుసగా వేయకండి. ఒకటి వేశాక ఎదుటి మూలకు వెళ్ళండి, అక్కడి నుంచి వేరే మూలకు. ఫ్రేమ్‌ను తిప్పుకుంటూ ప్రతి జాయింట్‌నూ పడుకోబెట్టి వేయండి. నిలువు బీడ్ కొత్తవాళ్ళకు కష్టం, ఇక్కడ దాని అవసరమూ లేదు. కోసిన అంచు త్వరగా కరిగిపోతుంది కాబట్టి ఆర్క్‌ను ఎదుటి పైపు గోడ వైపు ఎక్కువగా ఉంచండి. బొక్క పడేలా ఉంటే ఆగి, చల్లారనిచ్చి, స్లాగ్ (బీడ్ మీద గట్టిపడే పెచ్చు) కొట్టి, బ్రష్ చేసి మళ్ళీ మొదలుపెట్టండి. స్లాగ్ కొట్టేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి, అది వేడిగా ఎగిరి కంట్లో పడుతుంది.

పైపు చివరలన్నీ మూసేస్తుంటే ఎక్కడో కనపడని చోట ఒక చిన్న రంధ్రం వదలండి. లేకపోతే లోపల వేడెక్కిన గాలి చివరి బీడ్‌ను పొడుచుకుని బయటికొస్తుంది, అక్కడ గుల్ల మిగులుతుంది.

ప్లైవుడ్ కూర్చునే పైముఖంలో బీడ్‌లు మాత్రం చదునుగా రుద్దండి, మిగతావి అలాగే ఉంచండి. పని అయ్యాక అరగంట అక్కడే ఉండి, మూలల్లో ఎక్కడైనా నిప్పు రాజుకుంటోందేమో చూడండి. బోల్టు రంధ్రాలు రంగుకు ముందే వేసేయండి. తర్వాత నూనె తుడిచి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, అది ఆరాక రంగు, చివర్లో ప్లైవుడ్.