ఎన్నికల ఖర్చు చట్టం మార్చమని మీ ఎంపీని అడగడం ఎలా

ఎన్నికల్లో డబ్బు ప్రభావం తగ్గాలంటే కాదనే నాయకుడు మన రెండు రాష్ట్రాల్లో వెతికినా దొరకడు. "మీరు చెప్పింది అక్షరాలా నిజమండీ, వ్యవస్థ మారాలి" అని, ఫొటో దిగి, పంపించేస్తారు. చిక్కంతా ఆ ఒప్పుకోలులోనే ఉంది. సంస్కరణ కావాలా అని అడిగితే ఎవరైనా అవునంటారు. ఫలానా సెక్షన్‌లో ఫలానా మాట మార్చే సవరణకు ఓటు వేస్తారా అని అడిగినప్పుడు మాత్రమే ఆలోచనలో పడతారు. అలా ఆలోచనలో పడేసే ప్రశ్నను తయారు చేసుకుని వెళ్లడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఎవరిని అడగాలో తేల్చుకోవాలి. అలవాటు కొద్దీ చాలామంది ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తారు. కానీ లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు రెండింటిలోనూ అభ్యర్థుల ఖర్చును నియంత్రించేది 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం. దానిని సవరించవలసింది పార్లమెంటు. కాబట్టి వినతిపత్రం మీ లోక్‌సభ సభ్యుడికి, దాని ప్రతి మీ రాష్ట్ర రాజ్యసభ సభ్యులకు వెళ్లాలి. లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్‌కు 25 మంది, తెలంగాణకు 17 మంది ఉన్నారు. రాజ్యసభలో 11 మంది, ఏడుగురు. రాజ్యసభ సభ్యుల గడప తొక్కేవారు తక్కువ కాబట్టి అక్కడ మీ కాగితం పూర్తిగా చదివే అవకాశం ఎక్కువని నా అనుభవం.

తర్వాత, అడిగేది ఒక్కటే ఉండాలి. పది డిమాండ్ల పత్రానికి ఎవరూ జవాబివ్వరు. నన్నడిగితే పార్టీల ఖర్చుకు పరిమితి పెట్టమనడం అన్నిటికన్నా సూటైన కోరిక. 2022 జనవరిలో సవరించిన లెక్క ప్రకారం మన రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు, శాసనసభ అభ్యర్థి 40 లక్షల రూపాయలకు మించి ఖర్చు చేయకూడదు. పార్టీ చేసే ఖర్చుకు మాత్రం ఏ హద్దూ లేదు. అదే చట్టంలోని 77వ సెక్షన్ వివరణ ప్రకారం స్టార్ క్యాంపెయినర్లు ప్రచారానికి తిరిగే ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు. అంటే అభ్యర్థి ఇచ్చిన టీకీ, వేయించిన కుర్చీకీ జిల్లా ఎన్నికల అధికారి ధరల పట్టిక చూసి లెక్క కడతారు. అధినేత దిగిన హెలికాప్టర్ మాత్రం ఆ పట్టికకు అందదు.

పారదర్శకత మీద అడగదలచుకుంటే, ఒక దాత నుంచి ఏడాదిలో 20,000 రూపాయలకు మించి వచ్చిన విరాళాల వివరాలను మాత్రమే పార్టీలు ఎన్నికల సంఘానికి తెలపాలన్న నిబంధనను పట్టుకోండి. ఆ పరిమితిని 2,000కు తగ్గించాలనీ, నగదు విరాళాలు మొత్తంలో 20 శాతానికీ 20 కోట్లకూ ఏది తక్కువైతే దానికి మించకూడదనీ 2022 సెప్టెంబరులో ఎన్నికల సంఘమే కేంద్రానికి ప్రతిపాదించింది. ఇది మీకు మంచి ఆసరా, ఎందుకంటే అడుగుతున్నది ఏదో ఒక ఉద్యమ సంస్థ కాదు, రాజ్యాంగ సంస్థ. దాత పేరు బయటపడకుండా పార్టీలకు విరాళం ఇచ్చే ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసింది కదా, ఇంకేం కావాలి అనేవారు ఉంటారు. ఆ తీర్పు వల్లనే మనకు లెక్కలు తెలిశాయి: 2019 ఏప్రిల్ నుంచి బాండ్ల ద్వారా బీజేపీకి సుమారు 6,060 కోట్లు, కాంగ్రెస్‌కు 1,421 కోట్లు, బీఆర్‌ఎస్‌కు 1,214 కోట్లు, వైసీపీకి 337 కోట్లు, టీడీపీకి 218 కోట్లు అందాయి. బాండ్లు పోయినా కంపెనీల డబ్బు, విరాళాలు సేకరించి పార్టీలకు పంచే ఎన్నికల ట్రస్టుల దారిన వస్తూనే ఉంది. మీ ఎంపీ ఏ పార్టీ వారైనా సరే, ఆ పార్టీ అంకెతో పాటు ఎదుటి పార్టీ అంకె కూడా లేఖలో ఉండాలి. ఒక్కటే రాస్తే మిమ్మల్ని ప్రత్యర్థి మనిషిగా లెక్కగట్టి కాగితం పక్కన పడేస్తారు.

ఇక సొంత నియోజకవర్గం లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో లోక్‌సభ స్థానం కింద ఏడు శాసనసభ స్థానాలు ఉంటాయి, రెండు ఎన్నికలూ ఒకేసారి జరుగుతాయి. ఏడు నలభైలు 280 లక్షలు, దానికి 95 కలిపితే 375 లక్షలు. 2024లో రాష్ట్రంలో సుమారు 4.13 కోట్ల ఓటర్లు ఉన్నారు, అంటే ఒక్కో లోక్‌సభ స్థానానికి సగటున పదహారున్నర లక్షల మంది. భాగించి చూడండి: అన్ని స్థానాల్లోనూ పోటీ చేసిన ఒక పార్టీ అభ్యర్థులందరూ కలిసి చట్టబద్ధంగా పెట్టగలిగిన ఖర్చు ఓటరుకు 23 రూపాయలు దాటదు. పోలింగ్‌కు రెండు రోజుల ముందు మీ వీధిలో పంచిన కవరులో ఎంత ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ లెక్కను మీ నియోజకవర్గం ఓటర్ల సంఖ్యతో మళ్లీ వేసి లేఖలో పెట్టండి. గెలిచిన అభ్యర్థి ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి ఖర్చుల లెక్క ఇవ్వాలి. దానిని ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. మీ ఎంపీ స్వయంగా చూపిన మొత్తం కూడా లేఖలో ఉంటే మాట తప్పించడం కష్టమవుతుంది.

లేఖ ఒక్క పేజీ దాటకూడదు. మొదటి పేరాలో మీరు ఏ ఊరి ఓటరో, రెండో పేరాలో లెక్క, మూడో పేరాలో ప్రశ్న. ప్రశ్న ఇలా ఉంటే చాలు: "రాజకీయ పార్టీల ఎన్నికల ఖర్చుకు పరిమితి విధించే సవరణ సభ ముందుకు వస్తే తాము సమర్థిస్తారా? దయచేసి లిఖితపూర్వకంగా తెలియజేయగలరు." తిట్లు, సామెతలు, దేశభక్తి పద్యాలు వద్దు.

దానిని మీరే వెళ్లి ఇవ్వండి. నేను మొదటిసారి ఒక ఎంపీ క్యాంపు కార్యాలయానికి వెళ్లినప్పుడు పీఏ తల ఎత్తకుండానే "దర్శనం ఎప్పటికండీ?" అని అడిగారు. బల్ల మీద ఒక పక్క తిరుమల సిఫారసు లేఖలు, ఇంకో పక్క సీఎం సహాయనిధి దరఖాస్తులు. నా కాగితానికి మూడో దొంతర లేదు. అది దర్శనాల దొంతరలోనే కలిసిపోయింది, మళ్లీ కనబడలేదు. రెండోసారి రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో సహా ముట్టినట్టు ముద్ర వేయించుకున్నాను. ఒంటరిగా కాక నలుగురైదుగురు వెళ్లడం మేలు; వారిలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడో, డ్వాక్రా సంఘం నాయకురాలో ఉంటే కుర్చీలు వేస్తారు.

ముఖాముఖి కూర్చున్నాక రెండు మాటలు తప్పక వినిపిస్తాయి. మొదటిది, "ముందు ఓటర్లు మారాలి". హుజూరాబాద్ ఉపఎన్నికలో మాకు కవరు అందలేదని జనమే రోడ్డెక్కిన సంగతి వారు గుర్తు చేస్తారు. కాదని వాదించకండి, అది జరిగిందే. ఓటరు మారేదాకా ఆగవచ్చు గానీ, పార్టీ ఖర్చుకు పరిమితి లేకపోవడం ఓటరు చేసిన చట్టం కాదని మాత్రం నెమ్మదిగా చెప్పండి. రెండోది, "మేమొక్కరం తగ్గిస్తే ఓడిపోతాం". ఇది నిజాయితీ గల జవాబు, మీకు ఉపయోగపడేదీ ఇదే. ఒక్కరు తగ్గించుకోలేరు కాబట్టే అందరికీ ఒకేసారి వర్తించే చట్టం అడుగుతున్నామని అనండి. చాలామంది నాయకులకు ఈ ఖర్చు నిజంగానే భారం. అప్పు చేసి పోటీ చేసిన వారితో మాట్లాడుతున్నామని గుర్తుంటే మన గొంతు దానంతటదే మెత్తబడుతుంది.

ఓటు వేస్తానని అప్పటికప్పుడు చెప్పలేకపోతే, విప్ (ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) భయం ఉన్న సభ్యుడికి అంతకన్నా తేలికైన పని అప్పగించండి. ఎన్నికల సంఘం ప్రతిపాదనపై ఏం చేశారని న్యాయశాఖ మంత్రిని సభలో ప్రశ్న అడగమనండి. దానికి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి సమావేశాలు మొదలయ్యే దాకా ఆగకుండా ప్రశ్న పాఠం మీరే రాసిచ్చిరండి. ప్రైవేటు సభ్యుల బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అలాంటివి ఇప్పటిదాకా 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. అయితే చర్చకు వస్తే మంత్రి జవాబు రికార్డుల్లో ఉంటుంది.

నెలలోపు జవాబు రాకపోతే ముద్ర వేసిన ప్రతిని జతచేసి, దాని తేదీని పై వరుసలో రాసి మళ్లీ పంపండి. "మీ వినతిని సంబంధిత శాఖకు పంపాము" అని వస్తే దానికీ జవాబు రాయండి: శాఖ అభిప్రాయం కాదు, తమ అభిప్రాయం అడిగామని.