డిలన్ పాత క్యాసెట్‌ను దారిలో పెట్టిన వైనం

మా బాబాయి ఇచ్చిన క్యాసెట్ ఇది. మీద పెన్నుతో 'రాయల్ ఆల్బర్ట్ హాల్, 1966' అని ఉంది కానీ అసలు కచేరీ లండన్‌లో కాదు, మే 17న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో జరిగింది, దొంగ రికార్డుల మీద పడ్డ తప్పు పేరే ఏళ్ల తరబడి చలామణీ అయిపోయింది. జానపద గాయకుడు బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడని ఒళ్లు మండి, జనంలోంచి ఒకాయన "జూడాస్!" (ఏసును పట్టిచ్చిన యూదా, అంటే ద్రోహీ అని) అరిచింది ఇందులోనే.

నా దాంట్లో ఆ అరుపు మూటలోంచి వచ్చినట్టుంది. చూస్తే, టేపును ప్లేయర్‌లో దాన్ని చదివే హెడ్‌కి ఆనించే చిన్న ఫెల్ట్ ముక్క ఊడి లోపల దొర్లుతోంది. స్క్రూలున్న ఇంకో పాత క్యాసెట్ డొక్కులోకి రెండు చక్రాలూ మార్చాను (టేపు మెలిక పడకుండా చూసుకోండి, నాకు రెండుసార్లు పడింది). తర్వాత హెడ్ పక్కనున్న బుల్లి స్క్రూని వింటూ కొద్దికొద్దిగా తిప్పితే ఒకచోట డ్రమ్స్‌లోని ఇత్తడి తాళాల (సింబల్స్) చప్పుడు టక్కున తేటపడింది.

ఇక స్పీడు. గొంతు కాస్త కీచుగా ఉంది. గిటార్ శ్రుతిని నమ్మలేం, హార్మోనికా రీడ్లు మాత్రం స్టేజి మీద బిగించి మార్చేవి కావు గనక దాన్నే పట్టుకున్నా. ఫోన్‌లో ట్యూనర్ దాదాపు 50 సెంట్లు (పక్కపక్క స్వరాల మధ్య దూరంలో సగం) ఎక్కువ చూపింది. టేపును కంప్యూటర్లోకి ఎక్కించాక, ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో పిచ్ (శ్రుతి) ఒక్కటే మార్చే ఆప్షన్ వాడకండి, స్పీడు కూడా కలిసి మారేది తీసుకుని 3 శాతం తగ్గిస్తే సరిపోయింది. నాయిస్ రిడక్షన్ జోలికి పోలేదు, హాల్లో గోల కూడా కొట్టుకుపోతుందని.

1998లో అధికారికంగా సీడీ వచ్చిందిగా, ఈ తిప్పలెందుకని మా ఆవిడ. ఫైల్ బాబాయికి వాట్సాప్‌లో పంపాను, ఇంకా వినలేదట.