రొమ్ము ఆపరేషన్ మచ్చ సన్నగా మానాలంటే ముందే చూసుకోవాల్సినవి

సిగరెట్, వేప్ (ఈ-సిగరెట్): ఆపరేషన్‌కు కనీసం 4 వారాల ముందు నుంచి, ఆ తర్వాత మరో 4 వారాలు పూర్తిగా మానాలి. నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగిస్తుంది. కుట్ల అంచుకు రక్తం అందక చర్మం నల్లబడుతుంది, గాయం విచ్చుకుంటుంది. అలా విచ్చుకుని మానిన మచ్చను ఏ క్రీమూ సన్నం చేయలేదు. సిగరెట్ మానడానికి వాడే గమ్, ప్యాచ్‌లోనూ నికోటిన్ ఉంటుంది కాబట్టి అవి వాడుతుంటే సర్జన్‌కు చెప్పండి.

పాత గాయం దగ్గరో, చెవి కుట్టిన చోటో చర్మం ఉబ్బి గడ్డలా పెరిగిందా? అది కెలాయిడ్ కావచ్చు. ముందే తెలిస్తే కోత ఎక్కడ పెట్టాలో ఆలోచించుకోవచ్చు, మచ్చ ఉబ్బును తగ్గించే ఇంజెక్షన్లు త్వరగా మొదలుపెట్టవచ్చు.

ముందు హుక్స్ ఉండి, వైరు లేని బ్రా సిద్ధం చేసుకోండి. రొమ్ము బరువు కుట్లను లాగితే మచ్చ వెడల్పవుతుంది.

మచ్చ మీద అంటించే సిలికాన్ షీట్ కొనిపెట్టుకోండి, కానీ తొందరపడొద్దు. పొక్కులు రాలి, గాయం పూర్తిగా మూసుకున్నాకే అంటించాలి. రోజుకు 12 గంటలు తగ్గకుండా, 2–3 నెలలు వాడాలి. మధ్యలో మానేస్తే ఫలితం సరిగా కనిపించకపోవచ్చు.

విటమిన్ ఇ నూనె వద్దు. మచ్చ తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు, పైగా కొందరికి దద్దుర్లు వస్తాయి.

క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స ఉంటే ఆ రోజుల్లో ఏది రాయాలన్నా డాక్టర్‌ను అడిగే రాయండి.

ఎండ తగిలితే మచ్చ నల్లబడి అలాగే ఉండిపోవచ్చు. ఏడాది పాటు కప్పి ఉంచండి.

ఎరుపు పాకుతున్నా, చీము, జ్వరం వచ్చినా అదే రోజు చూపించండి.