ఎత్తుకు ఎగరడం నేర్చుకుందాం – 4వ పాఠం: బలం ఉంది, టైమ్ లేదు

గత మూడు పాఠాల్లో స్క్వాట్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును పైకెత్తి నిలబడడం), చప్పుడు కాకుండా నేల మీదికి దిగడం సాధన చేశాం. మీ శరీర బరువుకు దాదాపు ఒకటిన్నర రెట్లు బరువుతో చక్కగా స్క్వాట్ చేయగలుగుతుంటే ఈ పాఠం మొదలుపెట్టండి. ఇంకా అక్కడికి రాకపోతే మూడో పాఠంలోనే ఇంకొన్ని వారాలు ఉండండి. ఇక్కడ తొందరపడితే ముందు దెబ్బతినేది మోకాలు, మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం).

స్క్వాట్ బరువు పెరుగుతోంది, ఎగిరే ఎత్తు మాత్రం పెరగడం లేదని చాలామంది టెన్షన్ పడతారు. కండరం తన పూర్తి బలం చూపించడానికి దాదాపు 0.3 సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. మంచి లాంగ్‌జంపర్ గాల్లోకి లేచేముందు చివరిగా మోపే పాదం టేకాఫ్ బోర్డు మీద ఉండేది సుమారు 0.12 సెకన్లే. హైజంప్‌లో ఇంకాస్త ఎక్కువ, అంతే. ఉన్న బలంలో పెద్ద భాగం బయటికి రాకముందే కాలు నేల వదిలేస్తుంది. కాబట్టి ఇప్పుడు మనం పెంచాల్సింది ఆ బలం బయటపడే వేగం.

1960ల్లో సోవియట్ కోచ్ యూరీ వెర్ఖోషాన్‌స్కీ దీనికోసం ఒక పద్ధతిని అభివృద్ధి చేశాడు. ఎత్తు నుంచి కిందికి దిగి, పాదం తాకీ తాకగానే పైకి ఎగరడం. దీన్నే డెప్త్ జంప్ అంటాం. దిగినప్పుడు కండరాలు, స్నాయువులు రబ్బరులా సాగి శక్తిని దాచుకుంటాయి. వెంటనే ఎగిరితే అది మనకు తిరిగొస్తుంది, ఆగితే వేడిగా మారి పోతుంది.

30 సెంటీమీటర్ల గట్టి బాక్స్ చాలు. దాని మీద నుంచి దూకకండి, ఒక అడుగు ముందుకు వేసి దిగండి. రెండు పాదాల ముందు భాగం ఒకేసారి నేల తాకాలి. మోకాళ్లు లోపలికి వంగకూడదు. తాకిన క్షణమే చేతులు విసురుతూ నిటారుగా పైకి ఎగరండి. అయిదేసి చొప్పున మూడు సెట్లు చేయండి. ఒక్కో ఎగురుడు మధ్య 10-15 సెకన్లు, సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి. ఆయాసం తెప్పించడం దీని ఉద్దేశం కాదు. వారానికి రెండుసార్లు చాలు, మధ్యలో కనీసం 48 గంటల విరామం ఉండాలి.

బాక్స్ ఎంత ఎత్తుంటే అంత లాభం అనుకునేవాళ్లు చాలామంది. పిల్లలను ఎత్తైన గట్ల మీద నుంచి దూకించే కోచ్‌లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మీకు సరిపడే ఎత్తును మీ ఎగురుడే చెబుతుంది. వేళ్లకు చాక్‌పీస్ పొడి రాసుకుని, గోడ పక్కనే 20, 30, 40 సెంటీమీటర్ల బాక్సుల నుంచి దిగి ఎగిరి, గోడ మీద గుర్తులు పెట్టండి. ఏ బాక్స్ నుంచి గుర్తు అన్నిటికంటే పైన పడిందో అదే మీది. మడమలు నేలకు గట్టిగా తగిలినా, పైకి లేచే ముందు క్షణం ఆగిపోతున్నా ఆ ఎత్తు మీకు ఎక్కువే. సెట్ మధ్యలో గుర్తు కిందికి జారడం మొదలైతే లెక్క పూర్తి కాకపోయినా ఆ రోజుకు ఆపేయండి.

స్క్వాట్ మానకండి. వారానికి ఒకసారి బరువైన మూడు సెట్లు, సెట్‌కు మూడు నుంచి అయిదు సార్లు చేస్తే ఇప్పటివరకు సంపాదించిన బలం నిలుస్తుంది. రెండూ ఒకే రోజు పడితే కాళ్లు తాజాగా ఉన్నప్పుడే ముందు డెప్త్ జంప్ చేయండి.

వచ్చే పాఠంలో ఒంటికాలి గెంతులు. అప్పటిదాకా ప్రతిసారీ బాక్స్ ఎత్తు, గోడ మీద గుర్తు ఎత్తు నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. ఎన్ని గెంతులతో మొదలుపెట్టాలో ఆ అంకెలు చూసే నిర్ణయిద్దాం.