త్సావోలో ఏనుగుల గస్తీకి విమానం ఎక్కే ముందు

కెన్యాలోని త్సావో జాతీయ పార్కులో గస్తీకి వాడే సూపర్ కబ్ అనే చిన్న విమానంలో రెండే సీట్లు. ముందు పైలట్, వెనక జంతువుల్ని గమనించే మనిషి.

- ట్యాంకు అడుగు నుంచి కాస్త ఇంధనం సీసాలోకి తీసి చూడండి. నీళ్లుంటే కింద వేరుగా కనిపిస్తాయి. డ్రమ్ములోంచి పోసిందైతే రెండోసారీ చూడండి.
- రాత్రి బయట ఉంచిన విమానమా? టైర్లు తడమండి. హైనాలకు రబ్బరు నమలడం సరదా! చుట్టూ ముళ్లకంప వేసుంటే మేలు.
- రన్‌వే మీద బొరియలు, గుంతలు ఉన్నాయేమో చూడండి.
- ఎండ ముదిరితే గాలి పల్చబడి, పైకి లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. తెల్లవారగానే బయల్దేరండి.
- అసలు టెన్షన్ ఇక్కడే. ఏనుగు కనపడగానే దాని చుట్టూ కిందకి, ఇంకా బిగువుగా తిరగాలనిపిస్తుంది. వేగం పడిపోయి విమానం జారితే, అంత తక్కువ ఎత్తులో సర్దుకునే చోటుండదు. లెక్కపెట్టడం వెనక సీటు పని, పైలట్ చూపు ముందుకే. మళ్లీ చూడాలంటే ముందు ఎత్తు పెంచండి.
- రాబందులతో జాగ్రత్త. 1959లో టాంజానియాలోని సెరెంగెటిలో వన్యమృగాల సర్వే చేస్తున్న మైకేల్ గ్జిమెక్ విమానం రాబందును ఢీకొని కూలింది, ఆయన చనిపోయారు.
- దారి, తిరిగొచ్చే టైము రేడియోలో చెప్పండి. నీళ్లు, వాంతి సంచి మొహమాటపడకుండా పెట్టుకోండి.