కాలనీలో స్కూలు బోర్డు లేచిందా? అర్జీ రాసే ముందు ఆ ఇంటి పర్మిట్ కాగితం సంపాదించండి

జనవరిలో ఒక సోమవారం హైదరాబాద్‌లో ఒక మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో, కాగితాలు తీసుకునే ఇన్‌వార్డ్ కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన్ను చూశాను. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారట. చేతిలో పాలిథిన్ కవరు, అందులో ఆరు పేజీల అర్జీ, దాని వెనక మూడు పేజీల నిండా సంతకాలు. వాళ్ల వీధిలో ఒక ఇంటికి "అడ్మిషన్లు జరుగుచున్నవి" అని ఫ్లెక్సీ కట్టారు. అర్జీలో రాసిందంతా నిజమే. ఇరుకు రోడ్డు, పొద్దున్నే బస్సులు, హారన్లు, ఎవరి గేటు ముందు పడితే వాళ్ల గేటు ముందు ఆటోలు. కౌంటర్లో అమ్మాయి మొదటి పేజీ చదివి, "స్కూలు విషయమైతే డీఈవో ఆఫీసుకు వెళ్లండి సార్" అంది. ఆయన వస్తున్నదే ఆ జిల్లా విద్యాధికారి ఆఫీసు నుంచి. అక్కడ "బిల్డింగ్ సంగతి మున్సిపాలిటీ వాళ్లు చూస్తారు" అన్నారట.

నిజానికి ఇద్దరూ తప్పు చెప్పలేదు. ఆరు పేజీల్లో ఏ ఆఫీసు ఏం చేయాలో ఒక్క వాక్యం కూడా లేదు.

చేదుగా ఉన్నా ఒక మాట ముందే చెప్తాను. "ఇది రెసిడెన్షియల్ ఏరియా, ఇక్కడ స్కూలు పెట్టకూడదు" అనే వాదన ఒక్కటే నిలబడదు. మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్ అన్నంత మాత్రాన ఇళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదని కాదు. బడికి వెళ్లే పిల్లలు ఉండేది ఇళ్లలోనే కాబట్టి షరతుల మీద బడులకూ చోటు ఉంటుంది. మీరు అడగాల్సింది ఏరియా గురించి కాదు, ఆ బిల్డింగ్ గురించి. ఆ ఇల్లు కట్టేటప్పుడు దేనికని పర్మిషన్ తీసుకున్నారు? కాపురానికని తీసుకుని తరగతులు నడిపితే అది వినియోగం మార్చడం. అప్పుడు మున్సిపాలిటీలో భవనాల సంగతి చూసే టౌన్ ప్లానింగ్ వాళ్లు "మాది కాదు" అనలేరు.

ఆ సంగతి తేల్చే కాగితాలు రెండే: ప్లాన్ మంజూరు చేస్తూ ఇచ్చిన ఉత్తర్వు, కట్టడం పూర్తయ్యాక వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. పది మందిలో తొమ్మిది మంది తడబడేది ఇక్కడే. అవి లేకుండా అర్జీ పెడితే అది ఫిర్యాదుగా కాక గోడుగా మిగిలిపోతుంది.

సంపాదించడానికి దారి సమాచార హక్కు చట్టం. ముందు ఆ బిల్డింగ్ వివరాలు సరిగ్గా పట్టుకోండి. "మా వీధి చివర పసుపు రంగు బిల్డింగ్" అని రాస్తే "వివరాలు అస్పష్టం" అని జవాబు వస్తుంది, అందులో తప్పేమీ లేదు. డోర్ నంబరు, ప్లాట్ నంబరు, తెలిస్తే సర్వే నంబరు రాయాలి. జీహెచ్‌ఎంసీ వెబ్‌సైట్లో ఆస్తి పన్ను విభాగంలో డోర్ నంబరుతో వెతికితే ఆ ఇంటి పీటీఐ నంబరు, అంటే ఆస్తి పన్ను గుర్తింపు నంబరు కూడా దొరుకుతుంది. అది కూడా రాస్తే ఇక తప్పించుకోవడానికి సందు ఉండదు. ఏ సర్కిల్ కిందకు వస్తారో మీ ఇంటి తాజా పన్ను రసీదు మీద చూసుకోండి, సరిహద్దులు మారుతుంటాయి.

ఇప్పుడు అసలు దెబ్బ తగిలే చోటు. చాలా కాలనీలు ఈ దరఖాస్తును సంక్షేమ సంఘం లెటర్‌హెడ్ మీద, కింద "అధ్యక్షుడు" అని స్టాంపు వేసి పంపిస్తాయి. సంఘం పేరు మీద వెళ్తే బరువుంటుందని అనుకుంటారు. చట్టం 3వ సెక్షన్ సమాచారం అడిగే హక్కును పౌరులకు ఇచ్చింది, సంఘాలకు కాదు. ఆ ఒక్క సాకుతో తిప్పి పంపిన దరఖాస్తులు నేనే చూశాను. నెల రోజులు ఆగాక ఈ జవాబు వస్తే ఒళ్లు మండుతుంది. కాబట్టి తెల్లకాగితం మీద, ఒక మనిషి పేరుతో, ఆ మనిషి ఇంటి చిరునామాతో రాయండి. సంఘం పేరు ఎక్కడా వద్దు. ఎందుకు అడుగుతున్నారో కూడా రాయనక్కర్లేదు, 6వ సెక్షన్ ప్రకారం ఆ కారణం మిమ్మల్ని అడగకూడదు.

దరఖాస్తులో ఇంతే ఉండాలి: "డోర్ నంబరు ఫలానా భవనానికి సంబంధించి, ఒకటి, భవన నిర్మాణ అనుమతి ఉత్తర్వు ధ్రువీకరించిన నకలు, రెండు, మంజూరైన ప్లాన్ నకలు, మూడు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ నకలు, నాలుగు, వినియోగ మార్పుకు అనుమతి ఇచ్చి ఉంటే ఆ ఉత్తర్వు నకలు ఇవ్వగలరు." "స్కూలుకు ఎలా అనుమతించారు?", "ఎందుకు చర్య తీసుకోలేదు?" లాంటి ప్రశ్నలు రాయొద్దు. ఆఫీసులో ఉన్న కాగితమే ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు.

ఉత్తర్వును, ప్లాన్‌ను విడివిడిగా అడగమనడానికి కారణం ఉంది. ప్లాన్ అడిగితే "ఇది మూడో వ్యక్తి సమాచారం" అని కొందరు అధికారులు ఆపుతారు. మీకు నిజంగా కావాల్సింది గదుల కొలతల బొమ్మ కాదు. అనుమతి ఉత్తర్వులో ఒక పట్టిక ఉంటుంది: వినియోగం ఏమిటి, ఎన్ని అంతస్తులు, పార్కింగ్ ఎక్కడ, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి. మీ కేసు అంతా ఆ పట్టికలోనే ఉంటుంది. ప్లాన్ ఇవ్వకపోయినా, 10వ సెక్షన్ ప్రకారం ఇవ్వదగ్గ భాగాన్ని విడదీసి ఇవ్వాలి. మూడో వ్యక్తి సమాచారం అనగానే నిరాకరించడమూ కుదరదు. ఆ వ్యక్తికి నోటీసు ఇచ్చి, ఆయన ఏమంటారో విని, ఆ తర్వాతే నిర్ణయించాలని 11వ సెక్షన్ చెప్తుంది.

ఫీజు 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే సరిపోతుంది, నగదు కట్టినా సరే కానీ రసీదు తీసుకోండి. తెల్ల రేషన్ కార్డు వాళ్లకు ఫీజు లేదు, కార్డు జిరాక్సు జత చేయాలి. నకళ్ల ఖర్చు ఎంతో వాళ్లే రాతపూర్వకంగా తెలియజేయాలి. గడువు 30 రోజులు. నకళ్లకు డబ్బు కట్టమని ఉత్తరం వస్తే, అది పంపిన రోజు నుంచి మీరు కట్టేదాకా ఉన్న రోజులు ఆ లెక్కలోకి రావు. అందుకే ఉత్తరం అందగానే కట్టేయండి. గడువు దాటిపోతే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, "ఫైలు దొరకలేదు" అని వచ్చినా 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండోది. చాలా ఫైళ్లు అప్పీలు కాగితం చూడగానే దొరుకుతాయి. ఆ మాయ ఏమిటో నన్నడగొద్దు.

ఈ మధ్యలోనే ఒకాయన మీ దగ్గరికి వస్తాడు. ఆఫీసు బయట జిరాక్సు షాపు దగ్గర ఉంటాడు, జేబులో ఏదో ఐడీ కార్డు ఉంటుంది, ఇంటికి వెయ్యి ఇస్తే నోటీసు కూడా తనే వేయిస్తానంటాడు. మాకు తెలిసిన ఒక కాలనీ అలాగే పోగేసి ఇచ్చింది. దరఖాస్తు ఆయన పేరు మీద పెట్టుకున్నాడు కాబట్టి జవాబు ఆయన ఇంటికే వెళ్లింది. ఆ కాగితం కాలనీకి చేరలేదు, బడి యజమానికి చేరింది. ఎంతకు చేరిందో మీరే ఊహించుకోండి. 10 రూపాయల స్టాంపుతో అయ్యే పనికి మధ్యలో మనిషి అక్కర్లేదు. దరఖాస్తు పెట్టే మనిషి మీ వీధిలోనే ఉండాలి.

ఇలాగే దరఖాస్తు పెట్టిన పెద్దాయనకు జవాబు ఇరవై ఎనిమిదో రోజున వచ్చింది. ఉత్తర్వులో వినియోగం అన్నచోట "నివాసం" అని ఉంది. స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య ఖాళీగా వదిలే అంతస్తు), పైన రెండంతస్తులు. స్టిల్ట్ మొత్తం పార్కింగ్. వీధిలో నిలబడి చూస్తే అదే స్టిల్ట్‌లో అల్యూమినియం తడికలు కట్టి మూడు గదులు చేశారు, గోడ మీద ఏనుగు బొమ్మ, పైన ఇంకో అంతస్తు. ఇంక ఆరు పేజీల అర్జీతో పనిలేదు. అర పేజీ రాసుకున్నాం: ఫలానా తేదీ ఫలానా నంబరు ఉత్తర్వు ప్రకారం ఈ భవనం నివాసానికి, ప్రస్తుతం బడికి సిద్ధం చేస్తున్నారు, స్టిల్ట్‌ను గదులుగా మార్చారు, అనుమతికి మించి ఒక అంతస్తు వేశారు, తనిఖీ చేసి చర్య తీసుకోవాలి. ఉత్తర్వు నకలు, రోడ్డు మీద నుంచి తీసిన నాలుగు ఫోటోలు, వాటి వెనక తేదీలు. లోపలికి వెళ్లి ఫోటోలు తీయొద్దు, కేసు మీ మీదకే తిరుగుతుంది. ఈ కాగితం సంఘం పేరుతో ఇవ్వొచ్చు, సంతకాలకు విలువ ఉన్నదీ ఇక్కడే.

సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చినా, ఇన్‌వార్డ్‌లో ఇచ్చినా మీ కాపీ మీద నంబరు, తేదీ, సీలు పడకుండా కౌంటర్ వదలొద్దు. "సార్ లంచ్‌కు వెళ్లారు, కాగితం పెట్టి వెళ్లండి" అంటే లంచ్ అయ్యేదాకా కూర్చోండి.

విద్యాశాఖకు వేరే కాగితం. అక్కడ రోడ్డు గురించి రాయొద్దు. విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడపకూడదు. నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకు 10 వేల దాకా. బడి పెట్టడానికి అనుమతి, తర్వాత గుర్తింపు, ఇవి 1994 జనవరి 1 నాటి జీవో 1 నియమాల కింద నడుస్తాయి. ఆట స్థలం, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు, తాగునీరు ఉండాలని చట్టం షెడ్యూలే చెప్తోంది. ఈ బడి దరఖాస్తు చేసిందా, చేస్తే ఏ భవనం పత్రాలు జతపరిచిందో డీఈవో ఆఫీసులోనూ 10 రూపాయలతో అడగొచ్చు. ఆట స్థలం అని చూపించిన లీజు ఎక్కడో రెండు కిలోమీటర్ల అవతల ఖాళీ ప్లాటుదైతే అది కూడా బయటపడుతుంది.

వచ్చేది ప్లే స్కూలైతే మాత్రం 18వ సెక్షన్ పట్టుకుని తిరగొద్దు. ఆ చట్టం చూసేది ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు. అక్కడ మీకు ఉన్న గట్టి దారి బిల్డింగే.

ఫైర్ ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదని అగ్నిమాపక శాఖ ఇచ్చే పత్రం, అడగడం మరిచిపోవద్దు. మామూలు ఇంటికి వర్తించని షరతులు బడికి వర్తిస్తాయి. 2004 జూలై 16న కుంభకోణంలో ఒక బడి కాలిపోయి 94 మంది పిల్లలు చనిపోయారు. ఇరుకు మెట్లు, వంటశాల నుంచి లేచిన మంట. 2009లో సుప్రీంకోర్టు బడుల భద్రత గురించి ఆదేశాలిచ్చింది ఆ ఘటన తర్వాతే. "మీకు పిల్లల చదువు మీద ఎందుకంత కక్ష" అని ఎవరైనా అడిగితే ఒకే మెట్ల వరస ఉన్న ఆ ఇంటిని చూపించండి.

టైము కూడా చూసుకోవాలి. మన దగ్గర బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఒకసారి పిల్లలు చేరి ఫీజులు కట్టాక ఏ అధికారీ తాళం వేయడానికి ముందుకు రాడు, ఆ తల్లిదండ్రుల తప్పూ ఏమీ లేదు. ఫ్లెక్సీ లేచిన వారంలోనే మొదటి దరఖాస్తు పడాలి. గేటుకు అడ్డంగా బండ్లు పెట్టడం, అడ్మిషన్‌కు వచ్చిన వాళ్లతో గొడవ పడటం చేస్తే స్టేషన్లో మీ పేరే ముందు రాస్తారు.

ఒకవేళ కాగితాలన్నీ సక్రమంగా ఉంటే? ఉంటాయి, అలాంటి బడులూ ఉన్నాయి. అప్పుడు ఆపమని అడగొద్దు. బస్సులు లోపలే ఆపాలని, పిల్లల్ని దించే టైములో ట్రాఫిక్ పోలీసు ఉండాలని, మైకు వాడొద్దని అడగండి. అవి నెగ్గే అవకాశం ఎక్కువ. ఆంధ్రలోనూ దారి ఇంచుమించు ఇదే: మున్సిపల్ కమిషనర్, డీఈవో, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల రోజు.

టౌన్ ప్లానింగ్ వాళ్లు నోటీసు ఇచ్చారని నోటిమాటగా చెప్తే సంబరపడి ఇంటికెళ్లకండి. నోటీసు నకలు, దానికి యజమాని ఇచ్చిన జవాబు, తనిఖీ నివేదిక కావాలని మళ్లీ ఒక దరఖాస్తు పెట్టాలి. జవాబులో "ఇది బడి కాదు, ట్యూషన్" అని రాసే వాళ్లుంటారు. పెద్దాయన ప్రస్తుతం ఈ రెండో దరఖాస్తు దగ్గర ఉన్నారు. ఈసారి స్టాంపు ఎక్కడ దొరుకుతుందని నన్ను అడగలేదు. నాలుగు కొని అదే పాలిథిన్ కవర్లో పెట్టుకున్నారు.