పిల్లలతో కలిసి ‘ద పర్స్యూట్ ఆఫ్ హ్యాపీనెస్’ చూస్తున్నారా? పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి

ఇంటర్ రిజల్ట్స్ టైమ్ వచ్చిందంటే చాలు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో ఈ సినిమాలోని ఒక బాస్కెట్‌బాల్ కోర్టు క్లిప్పు తిరగడం మొదలవుద్ది, నాన్న కొడుక్కి ఏదో చెప్తుంటాడు, కింద ఎవరో బాబాయ్ పెద్ద మెసేజ్ పెడతాడు కష్టపడితే ఏదైనా సాధించొచ్చు అని. అది చూసి సినిమా మొత్తం పిల్లలకి చూపించేవాళ్ళు చాలామందే ఉన్నారు, చూపించాక మాత్రం ఊరుకోరు, "చూశావా, ఆయన బాత్రూంలో పడుకుని పైకొచ్చాడు, నీకు ఏసీ రూం ఇచ్చినా చదవట్లేదు" అని క్లాసు పీకుతారు. అంతే, పిల్లాడికి ఇక ఆ సినిమా పేరెత్తితేనే చిరాకు. దయచేసి అలా చూపించకండి.

నన్నడిగితే ఇది మోటివేషన్ సినిమా కాదు, డబ్బుల సినిమా. చేతిలో ఎంతుంది, ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి, సాయంత్రం ఐదులోపు షెల్టర్ (ఇల్లు లేనివాళ్ళు రాత్రి పడుకునే చోటు) లైన్లో నిలబడగలమా లేదా, దాదాపు రెండు గంటల సినిమాలో నడిచేది ఇదే. ఈ లెక్క పట్టుకుని చూస్తే పిల్లలు బోర్ కొట్టకుండా చూస్తారు, వాళ్ళే ప్రశ్నలడుగుతారు, మీరు క్లాసు పీకక్కర్లేదు.

ముందు వయసు సంగతి. పది, పదకొండు దాటిన పిల్లలైతే ఓకే. అమెరికాలో దీనికి పీజీ-13 రేటింగ్ ఇచ్చారు, అంటే పదమూడేళ్ళ లోపు పిల్లల విషయంలో అమ్మానాన్నలు కాస్త చూసుకోవాలని. రక్తపాతం లాంటివి ఏం లేవు, ఒకచోట గోడ మీద ఒక బూతు మాట రాసి ఉంటది, హీరో కొడుకు దాని గురించి వాళ్ళ నాన్ననే అడుగుతాడు, మీ వాళ్ళు మిమ్మల్ని అడిగితే కంగారు పడకండి. అసలు ఆలోచించాల్సింది అమ్మానాన్నల గొడవ గురించి. అమ్మ ఇల్లొదిలి వెళ్ళిపోయే సీన్లు గట్టిగానే ఉంటాయి, మీ ఇంట్లోనో దగ్గరి చుట్టాల ఇంట్లోనో అలాంటి పరిస్థితి నడుస్తుంటే మాత్రం ముందు మీరొక్కళ్ళే ఒకసారి చూసి, తర్వాత నిర్ణయించుకోండి.

మొదలుపెట్టే ముందు పిల్లలకి రెండు ముక్కలు చెప్తే సరిపోద్ది. ఇది శాన్‌ఫ్రాన్సిస్కోలో, 1981లో జరిగే కథ, క్రిస్ గార్డ్‌నర్ అని నిజంగా ఉన్న మనిషి జీవితం మీద తీశారు, సినిమా వచ్చింది 2006 డిసెంబర్‌లో. విల్ స్మిత్ హీరో, పక్కన కొడుగ్గా చేసిన జేడెన్ ఆయన సొంత కొడుకే. ఇంతకు మించి చెప్పొద్దు, ఏది నిజం ఏది కల్పన అనేది అస్సలు ఇప్పుడే చెప్పొద్దు, అది తర్వాతకి దాచుకోండి, ఎందుకో కింద చెప్తా.

ఇప్పుడు నోట్‌బుక్. పేజీలో నిలువుగా ఒక గీత గీయండి. ఎడమ వైపు ‘చేతిలో డబ్బు’, కుడి వైపు ‘ఈ రాత్రి పడక’. పెన్ను పిల్లల చేతికే ఇవ్వండి, మీరు పట్టుకోవద్దు. ఇద్దరు పిల్లలుంటే ఒకళ్ళకి డబ్బు, ఒకళ్ళకి పడక, లేకపోతే పెన్ను కోసం కొట్టుకుంటారు.

మొదటిసారి పాజ్ కొట్టాల్సింది స్కానర్ల దగ్గర. హీరో ఎముకల స్కానింగ్ మిషన్లు అమ్ముతుంటాడు, చేతిలో మోసుకుని ఆస్పత్రులు తిరుగుతాడు, ఒక్కోటి 250 డాలర్లు. డాక్టర్లేమో ఎక్స్‌రే కంటే కొంచెం బాగా కనపడే దానికోసం అంత డబ్బెందుకు అంటారు. దాచుకున్నదంతా వీటి మీదే పెట్టేశాడు. ఇంటి అద్దెకీ పిల్లాడి డేకేర్‌కీ కలిపి నెలకి కనీసం రెండు అమ్మాలని ఆయనే చెప్తాడు, అంటే నెలకి 500. ఇక్కడ మన పిల్లలు వెంటనే ఇవాళ్టి రేటుతో గుణించేస్తారు, ఆపండి. 1981లో డాలర్ మన డబ్బుల్లో తొమ్మిది రూపాయల లోపే. రూపాయల్లోకి మార్చడం కన్నా అక్కడి లెక్క అక్కడే చూడటం బెటర్, అప్పటి డాలర్‌ని ఇవాళ్టి అమెరికా ధరల్లో చూస్తే మూడు రెట్ల పైనే పడుద్ది. అలా చెప్తే నెలకి 500 అంటే ఎంత బరువో వాళ్ళకి అర్థమవుద్ది.

తర్వాత ఇంటర్న్‌షిప్ దగ్గర ఆపండి. డీన్ విట్టర్ అనే స్టాక్ బ్రోకింగ్ కంపెనీ, ఆరు నెలల ట్రైనింగ్, ఇరవై మంది, చివర్లో ఒక్కరికే ఉద్యోగం, పైగా ఈ ఆరు నెలలూ జీతం లేదు. పిల్లల్ని అడగండి, నువ్వైతే చేరతావా అని. చాలామంది టక్కున చేరతా అంటారు, సినిమా కాబట్టి గెలుస్తాడని వాళ్ళకి ముందే తెలుసు. అప్పుడు నోట్‌బుక్ చూపించి, ఆరు నెలల అద్దె ఎక్కడినుంచి వస్తది అని అడగండి. సమాధానం మీరు చెప్పొద్దు.

పార్కింగ్ చలాన్ల సంగతి చాలామంది కామెడీలాగా చూసి వదిలేస్తారు, వదలకండి. కట్టకుండా వదిలేసిన చలాన్లు పేరుకుపోయి, ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి పోలీసులు పట్టుకెళ్తారు, పొద్దున్నే ఒంటి మీద పెయింట్ మరకలతో, షర్టు కూడా సరిగా లేకుండా ఇంటర్వ్యూకి పరిగెత్తుతాడు. అందరికీ నవ్వొచ్చేది ఆ ఇంటర్వ్యూ, కానీ లెక్క అంతా ముందు రాత్రిలో ఉంది. డబ్బున్నోడికి చలానా అంటే ఒక చిరాకు, అంతే, కట్టేసి మర్చిపోతాడు. లేనోడికి అదే పెరిగి పెరిగి జైలు దాకా తీసుకెళ్తది. మన దగ్గర ట్రాఫిక్ చలాన్లకి డిస్కౌంట్ ఎప్పుడిస్తారా అని ఆటో అన్నలు, డెలివరీ బాయ్స్ ఎందుకు ఎదురుచూస్తారో పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఇంక ట్యాక్స్ సీన్. ఈ సినిమా మొత్తంలో నాకు అన్నిటికన్నా భయమేసే సీన్ అదే, అందులో విలన్ ఎవ్వడూ లేడు, ఉన్నదల్లా ఒక ఉత్తరం. అప్పటికే స్కానర్లు అమ్మి కాస్త ఊపిరి పీల్చుకుంటున్న టైమ్‌లో గవర్నమెంట్ పాత ట్యాక్స్ బాకీ కింద బ్యాంకు అకౌంట్లోంచి డబ్బు లాగేసుకుంటది. మిగిలింది 21 డాలర్ల 33 సెంట్లు. ఆ నంబర్ ఎడమ వైపు రాయించండి, పక్కన పడక దగ్గర ఏం రాస్తావని అడగండి. కాసేపటికే అప్పుడు వీళ్ళుంటున్న మోటెల్ (చవక లాడ్జి లాంటిది) వాడు తాళం మార్చేసి సామాన్లు బయట పెట్టేస్తాడు. అంతకుముందు దాకా వీళ్ళు ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చారు, ఇల్లు, తర్వాత మోటెల్, ఇప్పుడు రోడ్డు, ఆ కుడి కాలమ్ పైనుంచి కిందకి చదివితే ఎవరూ చెప్పకుండానే తెలిసిపోద్ది మనిషి రోడ్డున పడటం ఒక్కరోజులో జరగదని. ఫ్రెండ్ దగ్గర తనకి రావాల్సిన 14 డాలర్ల కోసం వీధిలో వెంటపడి ఎందుకు అరుస్తాడో, పెద్ద బాస్ టాక్సీకని ఐదు డాలర్లు అడిగినప్పుడు ఎందుకు మొహం అలా అవుద్దో ఆ లెక్క పక్కన లేకపోతే అర్థం కాదు.

స్టేషన్ బాత్రూం సీన్ దగ్గర మాత్రం పాజ్ ముట్టుకోవద్దు. డైనోసార్లు, గుహ అంటూ ఆట మొదలుపెట్టి కొడుకుని లోపలికి తీసుకెళ్ళి తలుపేసుకుంటాడు. రాయమనొద్దు, ప్రశ్నలొద్దు, మీరు ఏడుస్తుంటే పిల్లలు చూసినా పర్లేదు.

టైమ్ లెక్క కూడా రాయించొచ్చు, ఓపికుంటే. మిగతా వాళ్ళు ఆఫీసులో రాత్రి దాకా ఉండగలరు, ఈయన కొడుకుని డేకేర్ నుంచి తెచ్చుకుని షెల్టర్ లైన్లో నిలబడాలి, అందుకే ఫోన్ పెట్టేయకుండా ఒక కాల్ నుంచి ఇంకో కాల్‌కి వెళ్ళి రోజుకి ఎనిమిది నిమిషాలు మిగుల్చుకుంటాడు, నీళ్ళు తాగితే బాత్రూంకి వెళ్ళాల్సొస్తదని నీళ్ళు కూడా తాగడు. దీన్ని "టైమ్ మేనేజ్‌మెంట్ టిప్" అని పిల్లలకి చెప్పేవాళ్ళున్నారు, నాకైతే కోపమొస్తది. నీళ్ళు తాగకపోవడం టిప్ ఎట్లా అవుద్దండీ!

ఇక వాట్సాప్‌లో తిరిగే ఆ బాస్కెట్‌బాల్ సీన్. క్లిప్పులో సాధారణంగా నీతి ముక్క ఒక్కటే ఉంటది, ముందు ముక్క కోసేస్తారు. ముందు జరిగేదేంటంటే, నువ్వు ఈ ఆటలో పెద్ద గొప్పోడివేం కావులే అన్నట్టు కొడుకుని నీరుగార్చేది ఆ నాన్నే. పిల్లాడు బంతి సంచిలో పెట్టేసుకుంటాడు. అది చూశాక తన తప్పు తనకి తెలిసి మాట మార్చుకుంటాడు. కాబట్టి ఆ సీన్ పిల్లలకంటే మనకే ఎక్కువ, చూసేటప్పుడు పిల్లల వైపు తిరిగి "విన్నావా" అనకండి.

సినిమా అయిపోయాక, అదే రోజు కాకపోయినా పర్లేదు, నిజం సంగతి చెప్పండి. నిజంగా క్రిస్ గార్డ్‌నర్‌కి ట్రైనింగ్‌లో నెలకి సుమారు వెయ్యి డాలర్ల స్టైపెండ్ వచ్చేది, కొడుకు కూడా సినిమాలోలాగా ఐదేళ్ళవాడు కాదు, అప్పటికి ఇంకా నడక నేర్చే వయసు. చలాన్ల కోసం ఒక్క రాత్రి కాదు, పది రోజులు జైల్లో ఉన్నాడు, 1,200 డాలర్లు కట్టలేక. బాత్రూం మాత్రం నిజం, శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనుండే ఓక్లాండ్‌లో మెక్‌ఆర్థర్ అనే బార్ట్ (అక్కడి మెట్రో రైలు) స్టేషన్లోది. ఇప్పుడు పిల్లలు అడుగుతారు, స్టైపెండ్ వస్తుంటే మరి ఇల్లెందుకు లేదు అని. ఈ ప్రశ్న కోసమే ముందు చెప్పొద్దన్నా. చేతిలో నెల జీతమున్నా, డేకేర్ ఖర్చు పోగా అడ్వాన్సూ మొదటి నెల అద్దె ఒకేసారి పోగవ్వకపోతే ఇల్లు దొరకదు, చంటిబిడ్డతో ఉంటే చాలా చోట్ల గది కూడా ఇవ్వరు. బెంగుళూరులో పది నెలల అడ్వాన్స్ అడిగినప్పుడు మనవాళ్ళకి ఈ నొప్పి కొంచెం తెలుస్తది. పని చేస్తూ కూడా ఇల్లు లేకుండా ఉండొచ్చు అనేది సినిమాలో కంటే నిజం కథలోనే గట్టిగా ఉంది.

ఇంకోటి, ఆయన్ని ఒంటరి వీరుడిలాగా చెప్పకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో టెండర్‌లాయిన్ అనే ఏరియాలో గ్లైడ్ మెమోరియల్ చర్చి ఉంది, దాని పాస్టర్ సెసిల్ విలియమ్స్. ఇల్లు లేని ఆడవాళ్ళ కోసం నడుపుతున్న షెల్టర్లో ఈ తండ్రీకొడుకులకి చోటిచ్చింది ఆయనే. సినిమాలో పాస్టర్‌గా కనపడేది కూడా నటుడు కాదు, స్వయంగా ఆయనే, 2024లో చనిపోయారు. ఆ లైన్లో నిలబడ్డవాళ్ళలో నిజంగా ఇళ్ళు లేనివాళ్ళు కూడా ఉన్నారు, సినిమా వాళ్ళు డబ్బులిచ్చి పెట్టుకున్నారు. డేకేర్, చర్చి, షెల్టర్, ఈ మూడిట్లో ఒక్కటి తీసేసి నోట్‌బుక్ మళ్ళీ రాయించండి, ఎక్కడ ఆగిపోద్దో పిల్లలే చెప్తారు. బే ఏరియాలో, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ఫ్రీమాంట్ నుంచి బార్ట్‌లో వెళ్ళి రావొచ్చు, గ్లైడ్‌లో ఇప్పటికీ ఉచితంగా భోజనం పెడతారు, వాలంటీర్లని కూడా తీసుకుంటారు. హైదరాబాద్‌లో ఉంటే జీహెచ్‌ఎంసీ నైట్ షెల్టర్లు ఉన్నాయి, పెద్ద ఆస్పత్రుల దగ్గర పేషెంట్ల బంధువులు ఎక్కడ పడుకుంటారో ఒకసారి చూపించినా చాలు.

చివరగా ఒక హోంవర్క్, ఇది పిల్లలకి బాగా నచ్చుద్ది. సినిమా చివర్లో ఉద్యోగం ఒక్కరికే వస్తది, మిగతా పంతొమ్మిది మంది ఏమయ్యారో ఎవరూ చెప్పరు. అందులో ఒకళ్ళని ఎంచుకోమనండి, పేరు పెట్టమనండి, జీతం లేని ఆ ఆరు నెలలు వాళ్ళు ఎవరింట్లో ఉన్నారో, అద్దె ఎవరు కట్టారో, ఏడో నెల ఏం చేశారో అదే నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి, మళ్ళీ అవే రెండు కాలమ్స్ గీసి రాయమనండి.